17సీ నుంచి స్పీకర్ కుర్చీ దాకా

లోక్‌సభ ఫలితాలు వచ్చిన 2024 జూన్ 4 సాయంత్రానికి టీవీలన్నీ ఒక మాట మీదికి వచ్చాయి: బీజేపీ 240 దగ్గర ఆగిపోయింది, కాంగ్రెస్ 99కి ఎగబాకింది, 16 సీట్లతో తెలుగుదేశం ఢిల్లీలో చక్రం తిప్పబోతోంది. 2019లో 303 సీట్లతో ఒంటిచేత్తో మెజార్టీ మార్కు 272 (543లో సగం పైన) దాటిన పార్టీకి ఐదేళ్లు తిరిగేసరికి మిత్రపక్షాల సంతకాలు అవసరమయ్యాయి. ప్రధాని మారలేదు, కూటమి పేరూ మారలేదు. సభ మీద పట్టు మాత్రం ఒక పార్టీ గుప్పిట్లోంచి జారి కూటమి చేతుల్లోకి వెళ్లింది.

ఆ జారడం స్టూడియోలో కనిపించదు. పోలింగ్ బూత్‌లో నింపిన ఒక ఫారంతో మొదలై, రాష్ట్రపతి భవన్‌కి చేరే లేఖల మీదుగా, స్పీకర్ ఎన్నిక దాకా సాగే కాగితాల వరుస అది. ఏ కాగితం తప్పినా వ్యవహారం అక్కడే ఇరుక్కుంటుంది. ఇరుక్కునే చోట్ల మీదే ఇక్కడ ఎక్కువ రాస్తున్నాను. మిగతాది అందరికీ తెలిసిందే.

మొదటి కాగితం 17సీ. పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ ఆఫీసర్ నింపి, అక్కడున్న ప్రతి పోలింగ్ ఏజెంటుకూ ఒక కాపీ ఇస్తారు. బూత్‌లో మొత్తం ఓటర్లెందరు, ఓటర్ల పేర్లు రాసుకునే 17ఏ రిజిస్టర్‌లోకి ఎక్కినవాళ్లెందరు, ఎక్కాక ఓటు వెయ్యనని వెళ్లిపోయినవాళ్లెందరు, కంట్రోల్ యూనిట్‌లో (ఈవీఎంలో ఓట్లు నమోదయ్యే పెట్టె) పడిన ఓట్లెన్ని, టెస్ట్ ఓట్లేమైనా ఉన్నాయా, యూనిట్ సీరియల్ నంబరెంత, వేసిన సీళ్ల నంబర్లేమిటి, అన్నీ అందులోనే. ఇది మొదటి భాగం. రెండో భాగం కౌంటింగ్ రోజున అభ్యర్థులవారీగా నింపేది.

పోలింగ్ రోజు అలసటలో ఏజెంటు ఆ కాపీని మడిచి జేబులో పెట్టుకుని ఇంటికెళ్లిపోతాడు. అసలు నష్టం ఇక్కడే మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2024లో పోలింగ్ మే 13న, కౌంటింగ్ జూన్ 4న. మధ్యలో 22 రోజులు. అన్నాళ్ల తర్వాత ఆ చొక్కా ఎన్నిసార్లు ఉతుక్కొచ్చిందో ఎవరికి తెలుసు? ఆ రాత్రికి రాత్రే మండలాలవారీగా కాపీలు తెప్పించి, బూత్ నంబర్ వరుసలో ఫైలు కట్టుకున్న పార్టీకే కౌంటింగ్ హాల్లో నోరు పెగులుతుంది. మిగతావాళ్లు సూపర్‌వైజర్ చూపించింది రాసుకుని బయటికొస్తారు.

లోక్‌సభ ఓట్ల లెక్కింపు అసెంబ్లీ సెగ్మెంట్లవారీగా సాగుతుంది. హాలుకు సాధారణంగా 14 టేబుళ్లు, సహాయ రిటర్నింగ్ అధికారి (ఏఆర్వో) టేబుల్ అదనం. మన రెండు రాష్ట్రాల్లోనూ ఒక ఎంపీ సీటుకు ఏడు సెగ్మెంట్లు. అంటే 98 టేబుళ్లు, ఏఆర్వో టేబుళ్లు ఏడు, కలిపి 105 మంది ఏజెంట్లు కావాలి. పోస్టల్ టేబుళ్లకు మళ్లీ వేరే మనుషులు. ఒక్కొక్కరి పేరు మీదా నియామక పత్రం, అంటే ఫారం 18, రెండు కాపీలు, ఫొటోలతో సహా, కౌంటింగ్‌కి మూడు రోజుల ముందు సాయంత్రం 5 గంటలలోగా రిటర్నింగ్ అధికారికి (ఆర్వో) చేరాలి. ఏపీలో అసెంబ్లీ లెక్కింపు కూడా అదే రోజు, అదే ప్రాంగణంలో. ఎమ్మెల్యే అభ్యర్థి తన టేబుళ్లకు నమ్మకస్తుల్ని, లెక్క వచ్చినవాళ్లని ముందే ఏరుకుంటాడు. ఎంపీ టేబుళ్లకు మిగిలినవాళ్లు దొరుకుతారు. ప్రధాని ఎవరో తేలేది ఆ టేబుళ్ల మీదే అయినా సరే.

సెగ్మెంట్‌లో 280 బూత్‌లు ఉన్నాయనుకోండి, 14 టేబుళ్ల మీద 20 రౌండ్లు. ప్రతి రౌండ్‌కీ స్ట్రాంగ్‌రూమ్ నుంచి 14 కంట్రోల్ యూనిట్లు, వాటి 17సీలు వస్తాయి. ఏజెంటు జాలీ అవతల కూర్చుంటాడు, ఫోన్ ఉండదు, పెన్నూ కాగితమూ తన 17సీ కాపీలూ ఉంటాయి. సూపర్‌వైజర్ యూనిట్ చూపించగానే ముందు సరిచూడాల్సింది ఓట్లు కాదు, సీరియల్ నంబర్. తర్వాత సీళ్లు, వాటి నంబర్లు. ఆ తర్వాతే స్విచ్ వేసి, రిజల్ట్ బటన్ మీదున్న ఆకుపచ్చ పేపర్ సీల్‌ని పొడిచి బటన్ నొక్కుతారు. మొత్తం ఓట్లు, ఆ వెనక అభ్యర్థులవారీగా ఓట్లు, చివర నోటా తెర మీద ఒక్కొక్కటిగా వెళ్లిపోతాయి. పది పన్నెండు మంది అభ్యర్థులుంటే మధ్యలో ఒక అంకె తప్పిపోవడం చాలా మామూలు. తప్పిపోతే సిగ్గుపడి ఊరుకోకూడదు, మళ్లీ నొక్కమని అడగాలి. మళ్లీ నొక్కితే మళ్లీ చూపిస్తుంది.

రెండు ఎన్నికలు కలిసొచ్చిన చోట ఇంకో చిక్కు. ఒకే బూత్‌కి రెండు కంట్రోల్ యూనిట్లు, రెండు 17సీలు. లోక్‌సభ బ్యాలెట్ పేపర్ తెలుపు, అసెంబ్లీది గులాబీ, కంట్రోల్ యూనిట్ మాత్రం చూడ్డానికి ఒకటే. లోక్‌సభకు ఓటేసి అసెంబ్లీకి వెయ్యకుండానో, అటుదిటుగానో వెళ్లిపోయినవాళ్ల వల్ల రెండు మొత్తాలు ఒకటో రెండో తేడా ఉండొచ్చు. అసెంబ్లీ 17సీ పట్టుకుని పార్లమెంటు యూనిట్ దగ్గర ‘ఓట్లు తేడా వచ్చాయి’ అని కేకలేస్తే పరువు పోతుంది. పైగా తర్వాత నిజంగా తేడా వచ్చినా ఎవరూ వినరు.

నిజంగా తేడా వచ్చే సందర్భాలు మూడు. మొదటిది మాక్ పోల్ (యంత్రం సరిచూసే ఉత్తుత్తి ఓటింగ్) చెరపకపోవడం. పోలింగ్‌కి ముందు కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ జరుపుతారు, ఆ తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్ బటన్లు వరుసగా నొక్కాలి. తెల్లవారుజామున కంగారులో క్లియర్ మరిచిపోతే ఆ ఓట్లన్నీ అసలు ఓట్లలో కలిసిపోతాయి. రెండోది సాయంత్రం క్లోజ్ నొక్కకపోవడం. క్లోజ్ కాని యూనిట్‌లో రిజల్ట్ బటన్ పలకదు. టోటల్ 17సీతో సరిపోయిందో లేదో చూసి, ఆర్వో సమక్షంలో అక్కడే క్లోజ్ చెయ్యాలి. మూడోది తెర వెలగకపోవడం, లేదా 17సీలో అంకె తప్పు రాయడం.

తేడా తేలని యూనిట్‌ని పక్కన పెడతారు. దాని మీద గంటసేపు గొడవపడటం దండగ, ఎందుకంటే దాని భవిష్యత్తు చివర్లో తేలుతుంది. అన్ని రౌండ్లూ అయ్యాక వచ్చిన మెజార్టీ, పక్కన పెట్టిన బూత్‌ల మొత్తం ఓట్ల కంటే ఎక్కువైతే వాటి జోలికి పోకుండానే ఫలితం ప్రకటించొచ్చు. సమానమైనా తక్కువైనా ఆ బూత్‌ల వీవీప్యాట్ స్లిప్పులు (ఓటేసినప్పుడు యంత్రం ముద్రించే చీటీలు) లెక్కించాలి. ఏజెంటు చెయ్యాల్సింది పక్కన పెట్టిన యూనిట్ల జాబితా, వాటి ఓట్ల మొత్తం విడిగా రాసుకోవడం.

ఇంతకన్నా ఎక్కువ రభస పుట్టించేవి పోస్టల్ బ్యాలెట్లు. ఉదయం 8 గంటలకు లెక్కింపు వీటితోనే మొదలవుతుంది, ఈవీఎంలు 8:30కి. ఒక పోస్టల్ ఓటులో మూడు పొరలు: బయట కవరు 13సీ, దాని లోపల 13ఏ డిక్లరేషన్, బ్యాలెట్ పేపర్ పెట్టిన లోపలి కవరు 13బీ. బయట కవరు విప్పాక ముందు డిక్లరేషన్ చూస్తారు. అది లేకపోయినా, ఓటరు సంతకం లేకపోయినా, అధికారి ధ్రువీకరణ లేకపోయినా, దాని మీది బ్యాలెట్ నంబర్ 13బీ మీది నంబర్‌తో కలవకపోయినా లోపలి కవరు తెరవకుండానే పక్కకు పోతుంది. ఎన్నికల డ్యూటీ చేసే ఉద్యోగులే, ఊరందరి చేతా పద్ధతిగా ఓటేయించేవాళ్లే, తమ ఓటు కవర్లో సంతకం మరిచిపోతారు. ప్రతిసారీ జరిగే తమాషా ఇది.

ఏపీలో 2024లో పోస్టల్ ఓట్లు 5 లక్షలకు పైనే పడ్డాయి. కౌంటింగ్‌కి వారం ముందు ఒక చిన్న రబ్బరు స్టాంపు మీద పెద్ద యుద్ధం నడిచింది: 13ఏ మీద ధ్రువీకరించిన అధికారి సంతకం ఉండి, పేరూ హోదా సీలూ లేకపోతే ఆ ఓటు చెల్లుతుందా? చెల్లుతుందన్నది ఎన్నికల అధికారుల మాట. వైఎస్సార్‌సీపీ హైకోర్టుకు వెళ్లింది, అక్కడ కుదరక సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూన్ 3న, అంటే లెక్కింపుకు ముందు రోజు, సుప్రీంకోర్టు ఆ పిటిషన్‌ని కొట్టేసింది.

ఒక స్టాంపు కోసం అంత రాద్ధాంతమా అనిపిస్తే ముంబై వాయవ్య లోక్‌సభ సీటు చూడండి. జూన్ 4న అక్కడ ఈవీఎం ఓట్లలో శివసేన ఉద్ధవ్ వర్గం అభ్యర్థి అమోల్ కీర్తికర్ ఒక్క ఓటు ఆధిక్యంలో ఉన్నారు. పోస్టల్ ఓట్లలో శిందే వర్గం రవీంద్ర వాయ్‌కర్‌కు 1,550, కీర్తికర్‌కు 1,501. 49 ఓట్ల తేడాలోంచి ఒకటి తీసేస్తే 48. ఎంపీ అయింది వాయ్‌కర్. చెల్లవని తిప్పికొట్టిన పోస్టల్ ఓట్లు 111, మెజార్టీ కంటే ఎక్కువ. అలా ఉన్నప్పుడు తిప్పికొట్టిన వాటినన్నిటినీ మరోసారి పరిశీలించి తీరాలి. ఈ నిబంధన తెలియని ఏజెంట్లు చాలామంది ఉంటారు, తెలిసినవాడు ఆ పూట అడక్కపోతే తెలిసీ లాభం లేదు. పోస్టల్ లెక్క తేలకముందే ఈవీఎం రౌండ్లు అయిపోతుండటం మీద కూడా చాలాకాలం తగువు నడిచింది. 2025 సెప్టెంబరులో ఎన్నికల సంఘం దిగొచ్చి, పోస్టల్ లెక్క పూర్తయ్యాకే ఈవీఎంల చివరి నుంచి రెండో రౌండ్ మొదలుపెట్టాలంది. ముందు చెయ్యాల్సిన పని అది.

వీవీప్యాట్ లెక్కకి మన వైపు నుంచి ఒక చరిత్ర ఉంది. సెగ్మెంట్‌కి ఒక బూత్ స్లిప్పులే లెక్కిస్తుంటే, సగం లెక్కించాలని చంద్రబాబు నాయుడు ముందుండి 21 ప్రతిపక్షాల తరఫున సుప్రీంకోర్టుకెళ్లారు. 2019 ఏప్రిల్ 8న కోర్టు ఒకటిని అయిదు చేసింది. ఎంపీ సీటుకి 35 బూత్‌లన్నమాట. పోస్టుకార్డు సైజు తెల్ల కార్డుల మీద అంగుళం ఎత్తు అంకెలతో బూత్ నంబర్లు రాసి, అంకె కనిపించకుండా నాలుగు మడతలు పెట్టి, డబ్బాలో వేసి కుదిపి అయిదు తీస్తారు. కార్డులు మడిచే ముందే సెగ్మెంట్‌లోని అన్ని నంబర్లూ ఉన్నాయో లేదో ఏజెంటు లెక్కపెట్టాలి, తీశాక కాదు. లెక్కింపు బ్యాంకు క్యాషియర్ గదిలాంటి జాలీ గదిలో, అభ్యర్థులవారీ గళ్లలో స్లిప్పులు వేస్తూ, ఒక బూత్ తర్వాత ఒకటిగా. ఇక్కడ తేడా వస్తే ముందు అనుమానించాల్సింది మళ్లీ మాక్ పోల్‌నే. ఆ స్లిప్పులు తీసి, వెనక స్టాంపు వేసి, నల్ల కవర్లో పెట్టి సీలు వెయ్యాలి. తియ్యకపోతే అసలు స్లిప్పుల్లో కలిసి ఉంటాయి. తిరిగి లెక్కించినా ఈవీఎంకీ స్లిప్పులకీ పొత్తు కుదరకపోతే చెల్లేది స్లిప్పుల లెక్కే.

అన్నీ అయ్యాక ఫారం 20, బూత్‌లవారీ తుది పట్టిక. దాని మొత్తాలు చదివాక, ఫలితం ప్రకటించేలోపు ఒక చిన్న వ్యవధి ఉంటుంది. రీకౌంటింగ్ అడిగే హక్కు ఆ కొద్ది నిమిషాలదే. రాతపూర్వకంగా, కారణంతో అడగాలి; ఆర్వో ఒప్పుకున్నా కాదన్నా కారణం రాయాలి. ‘అనుమానంగా ఉంది’ కారణం కాదు. ‘ఫలానా బూత్‌లో 17సీ రెండో భాగంలో 312, ఫారం 20లో 213’ కారణం. ఒకసారి ఫలిత ప్రకటన పత్రమైన 21సీ మీద సంతకం పడి, గెలిచినవాడి చేతికి ఫారం 22 సర్టిఫికెట్ వెళ్లిందంటే ఆర్వో చేతుల్లో ఇంకేం లేదు. 45 రోజుల్లో హైకోర్టులో ఎన్నికల పిటిషన్ ఒక్కటే దారి. ఓట్లు సమానమైతే ఆర్వో చీటీ తీస్తారు, చీటీ వచ్చినవాడికి ఒక ఓటు కలిపినట్టు లెక్క. లోక్‌సభలో అంతదాకా రాలేదు కానీ, 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ గెలిచింది 9 ఓట్లతో.

ఇక్కడి నుంచి కాగితాలు ఢిల్లీ బాట పడతాయి. ఆర్వోలు పంపిన వివరాలతో, ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 73 కింద గెలిచినవాళ్ల పేర్లను ఎన్నికల సంఘం నోటిఫై చేస్తుంది. కొత్త సభ పుట్టేది ఆ నోటిఫికేషన్‌తోనే. 2024లో వరుస ఇలా సాగింది: జూన్ 5న పాత మంత్రివర్గం రాజీనామా, 17వ లోక్‌సభ రద్దు, 6న గెలిచినవాళ్ల జాబితా రాష్ట్రపతికి, 7న ఎన్డీఏ ఎంపీలు మోదీని నాయకుడిగా ఎన్నుకోవడం, అదే రోజు రాష్ట్రపతి నుంచి పిలుపు, 9న ప్రమాణం. సభ రద్దయిందంటే లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్న బిల్లులు మురిగిపోయినట్టే. రాజ్యసభలో పుట్టి అక్కడే ఉన్నవి మాత్రం బతికుంటాయి. స్పీకర్ మాత్రం సభ రద్దయినా, కొత్త సభ మొదటిసారి కూర్చునే దాకా పదవిలో ఉంటారు.

ఒకే పార్టీకి 272 ఉంటే రాష్ట్రపతి పని తేలిక. లేనప్పుడే లేఖలకు విలువ. 1996లో శంకర్ దయాళ్ శర్మ లేఖల లెక్క చూడకుండా అతిపెద్ద పార్టీ అని బీజేపీని పిలిచారు, వాజ్‌పేయి ప్రభుత్వం 13 రోజులే నిలబడింది. 1998లో కె.ఆర్. నారాయణన్ ముందు మద్దతు లేఖలు తెమ్మన్నారు. 18 మంది ఎంపీలున్న జయలలిత లేఖ ఆలస్యమైనన్ని రోజులూ ఢిల్లీ ఊపిరి బిగపట్టింది. తెలుగుదేశం అప్పుడు 12 మంది ఎంపీలతో ‘తటస్థం’ అని రాసిచ్చింది. తటస్థమంటే ఏమీ ఇవ్వకపోవడమనుకుంటారు. సభలో లెక్క హాజరై ఓటేసినవాళ్లలో మెజార్టీ కాబట్టి, 12 మంది పక్కన కూర్చుంటే అవతలివాడు దాటాల్సిన గోడ ఆరడుగులు తగ్గుతుంది. చివరికి విశ్వాస పరీక్షలో తెలుగుదేశం నేరుగా మద్దతిచ్చింది, 274–261తో ప్రభుత్వం నెగ్గింది.

ఇదే లెక్క 2024కి వేస్తే ‘కింగ్‌మేకర్’ మాటలోని గాలి కొంత పోతుంది. ఎన్డీఏ 293. తెలుగుదేశం 16 తీసేస్తే 277, ఇంకా 272 పైనే. జేడీయూ 12 కూడా తీస్తే 265, అప్పుడు తగ్గింది. కానీ ఆ 28 మంది తటస్థంగా కూర్చుంటే ఓటేసే సభ 543 నుంచి 515కి తగ్గుతుంది, కావాల్సింది 258, ప్రభుత్వం 265తో బతికేస్తుంది. ఇద్దరూ కలిసి ఎదురు ఓటేస్తే ఇండియా కూటమి 234తో కలిపి 262. చాలదు! ఏ కూటమిలోనూ లేని 16 మంది ఎటు వెళ్తారన్నది అప్పుడు ప్రశ్న. వాళ్లలో నలుగురు వైఎస్సార్‌సీపీవాళ్లు. ఒక ఆంధ్రా పార్టీ కూల్చాలంటే ఇంకో ఆంధ్రా పార్టీ సాయం పట్టాలి. ఆ రోజుల్లో ఈ కూడికలు వేసి చూపించిన చానళ్లు తక్కువ. పైగా స్పీకర్ అధికారపక్షం మనిషైతే ఆ వైపు ఒక ఓటు తగ్గుతుంది, ఎందుకంటే సమానమైతే తప్ప స్పీకర్ ఓటెయ్యరు. ఒక ఓటుదేముందిలే అనుకోవడానికి లేదు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. ఒడిశా ముఖ్యమంత్రి అయ్యాక కూడా ఎంపీ పదవి వదులుకోని గిరిధర్ గమాంగ్ ఓటేశారు. ఆ ఓటు వెయ్యాలా వద్దా అన్నది ఆయన అంతరాత్మకే వదిలేసిన స్పీకర్, తెలుగుదేశానికి చెందిన జి.ఎం.సి. బాలయోగి.

అందుకే సంకీర్ణం రాగానే మంత్రి పదవుల కంటే ముందు స్పీకర్ కుర్చీ మీద బేరాలు నడుస్తాయి. ఫిరాయింపుల చట్టం కింద ఎవరి సభ్యత్వం పోవాలో, ఏ బిల్లు ద్రవ్య బిల్లో తేల్చేది ఆ కుర్చీయే. 2024లో ఆ కుర్చీని బీజేపీ వదల్లేదు. జూన్ 24న ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్ భర్తృహరి మహతాబ్ సభ్యులతో ప్రమాణం చేయించడం మొదలుపెట్టారు, 26న కె. సురేశ్ మీద ఓం బిర్లా మూజువాణి ఓటుతో నెగ్గారు. ప్రతిపాదనల నోటీసులు ముందు రోజు మధ్యాహ్నం 12లోగా పడాలి. మొదటి ప్రతిపాదన నెగ్గితే రెండోదాన్ని అసలు ఓటుకే పెట్టరు. డిప్యూటీ స్పీకర్ సంగతంటారా, 17వ లోక్‌సభ మొత్తం ఆ పదవి ఖాళీగానే గడిచిపోయింది.

అవతలి బెంచీల్లో మార్పు ఇంకా కొట్టొచ్చినట్టుంది. పదేళ్ల తర్వాత లోక్‌సభకు ప్రతిపక్ష నేత వచ్చారు. సభలో పదో వంతు, అంటే 55 మంది ఉండాలన్న ఆనవాయితీ కాంగ్రెస్‌కి 2014లో 44తో, 2019లో 52తో అడ్డుపడింది. తమాషా ఏంటంటే 1977 నాటి ప్రతిపక్ష నేతల జీతభత్యాల చట్టంలో ఈ పదో వంతు మాటే లేదు. పెద్ద ప్రతిపక్ష పార్టీ నాయకుడు, స్పీకర్ గుర్తింపు ఉన్నవాడు అన్నంతే ఉంది. 1984లో 30 సీట్లతో లోక్‌సభలో ప్రధాన ప్రతిపక్షమైన తెలుగుదేశానికీ ఆ గుర్తింపు హోదా దక్కలేదు.

రాజ్యసభకి మాత్రం ఈ గాలి వెంటనే సోకదు. 2024 జూన్ 4న లోక్‌సభలో తెలుగుదేశానికి 16 మంది. రాజ్యసభలో ఒక్కరూ లేరు, ఏపీ కోటాలోని 11 సీట్లూ వైఎస్సార్‌సీపీవే. అసెంబ్లీలో 135 మంది ఎమ్మెల్యేలు ఉన్నారు కాబట్టి ఖాళీ వస్తే సీటు ఖాయం, కానీ ఖాళీ రావాలి కదా. ఆగస్టు, సెప్టెంబరుల్లో మోపిదేవి వెంకటరమణ, బీద మస్తాన్‌రావు, ఆర్. కృష్ణయ్య రాజీనామాలు చేశారు. డిసెంబరులో ఆ మూడూ ఏకగ్రీవం: రెండు తెలుగుదేశానికి, ఒకటి బీజేపీకి. బీద మస్తాన్‌రావు, కృష్ణయ్య తాము వదిలిన సభలోకే కొత్త పార్టీ కండువాలతో తిరిగొచ్చారు.